గోదావరి డెల్టా ఇళ్లలో టవర్ స్పీకర్లు: గది, అమరిక, పోలిక

టవర్ స్పీకర్ అంటే స్టాండు, బల్ల అక్కర్లేకుండా నేరుగా నేల మీద నిలబడే పొడవాటి స్పీకర్ బాక్సు. మూడు నుంచి అయిదు అడుగుల ఎత్తున్న పెట్టెలో కింద బేస్ ఇచ్చే ఊఫర్లు, వాటి పైన మధ్యస్వరాల యూనిట్, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు అటూ ఇటూగా పైస్వరాలిచ్చే ట్వీటర్ నిలువు వరసలో ఉంటాయి. ఉన్నత శ్రేణి రకాల్లో ఒక్కో బాక్సు వంద కిలోలు తూగడం, జత ధర కారు ధరను దాటడం మామూలే. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, తణుకు, అమలాపురం ప్రాంతాల్లో కొత్తగా కట్టే పెద్ద ఇళ్ల హాళ్లలోకి ఇవి నెమ్మదిగా వస్తున్నాయి. అయితే సుమారు 200 హెర్ట్జ్ కింద చెవికి చేరేదాన్ని బాక్సు కంటే గదే ఎక్కువగా నిర్ణయిస్తుంది. డెల్టా ఇళ్ల కట్టడం ఈ విషయంలో విదేశీ ఇళ్లకు చాలా భిన్నం. అందువల్ల ఇక్కడ కొనుగోలు కంటే అమరికకే ఎక్కువ ఆలోచన పెట్టాలి.

నేపథ్యం

కాగితపు శంకువుకు తీగచుట్ట అతికించి, అయస్కాంతం నడుమ ఆడించే నేటి స్పీకర్‌కు మూలరూపాన్ని అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో ప్రకటించారు. ఇంగ్లండులో అలన్ బ్లమ్లీన్ 1931లో స్టీరియోకు పేటెంటు దరఖాస్తు చేశాడు. మరో అయిదేళ్లకు, 1936లో, నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్థాపించారు. ఆంధ్రదేశంలో తొలి సినిమా స్టూడియో అదే. అంటే యంత్రంలో పట్టిన శబ్దంతో గోదావరి తీరానికి పరిచయం బాగా పాతది.

ఇళ్లలోకి మాత్రం శబ్దం రేడియో రూపంలో వచ్చింది. 1938లో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాయి. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారి కృషితో లలిత సంగీతం రేడియో ద్వారా పల్లెలకు చేరింది. వీధిలో పెత్తనం బాకా మైకులది. పెళ్లికి, తీర్థానికి కొబ్బరిచెట్టుకు కట్టిన ఆ బాకా మధ్యస్వరాలను ఊరి పొలిమేర దాకా విసిరేది, బేస్ దానికి చేతకాదు. 1980లలో గల్ఫ్ వెళ్లొచ్చిన కోనసీమవాసులు తెచ్చిన జపాను టేప్‌రికార్డర్లు, మ్యూజిక్ సిస్టములు మొదటిసారిగా రెండు బాక్సుల శబ్దాన్ని మధ్యతరగతి సావిళ్లకు తెచ్చాయి. తర్వాత హోమ్ థియేటర్లు, జాతరల్లో డీజే బాక్సులు వచ్చి, బేస్ అంటే గుండె అదరడమే అన్న అభిరుచిని స్థిరపరచాయి. ఈ అభిరుచి టవర్ స్పీకర్ ఎంపికను ఇప్పటికీ ప్రభావితం చేస్తోంది, చాలాసార్లు చెడగొడుతోంది కూడా.

చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ రాబట్టే విద్య క్రమంగా ఎదిగింది. పెట్టెకు కన్నం పెట్టి ఊఫర్ వెనకవైపు శబ్దాన్ని కూడా వాడుకునే పద్ధతిని బెల్ లాబ్స్‌కు చెందిన ఆల్బర్ట్ థురాస్ 1930 ప్రాంతంలో రూపొందించాడు. ఎడ్గర్ విల్చర్ 1954లో పూర్తిగా మూసిన పెట్టెతో ఏఆర్-1 తెచ్చాడు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో రాసిన పత్రం, 1970లలో రిచర్డ్ స్మాల్ చేసిన విస్తరణ పెట్టె ఘనపరిమాణాన్ని, కన్నం పొడవును లెక్క కట్టి నిర్ణయించే వీలు కల్పించాయి. అంతవరకు బీరువా అంత ఉండే పెట్టె సన్నబడి ఇంటి హాల్లో జతగా నిలబడగలిగిందంటే ఈ లెక్కల వల్లే.

గది

విదేశీ పత్రికలూ కంపెనీల పుస్తకాలూ ఇచ్చే సలహాల్లో చాలాభాగం చెక్క చట్రం మీద జిప్సం పలకలు బిగించిన గోడల ఇళ్లలో పుట్టినవి. అలాంటి గోడ 125 హెర్ట్జ్ దగ్గర తన మీద పడిన శబ్దశక్తిలో పావు వంతుకు పైగా మింగేస్తుంది. ఇటుక కట్టి, పూత పూసి, రంగు వేసిన గోడ మింగేది ఒకటి నుంచి మూడు శాతమే. అక్కడ గోడల్లోంచి జారిపోయే బేస్ ఇక్కడ గదిలోనే ఉండి తిరుగుతుంది. అమెరికాలో కొలతలకు సరిగ్గా తూగిన స్పీకర్ తణుకులో బరువుగా, ముద్దగా వినిపిస్తే తప్పు బాక్సుది కాదు.

డెల్టాలో మూడు కాలాల ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి. తాటాకు ఇల్లు శబ్దపరంగా మెత్తనిది. కప్పు మీద ఆకుల పొరలు పైస్వరాలను మింగుతాయి, మట్టిగోడ గరుకుతనం మిగిలినదాన్ని చెదరగొడుతుంది. అందులో టవర్ స్పీకర్ పెట్టేవాళ్లు లేరు గానీ, వినడానికి అంతకంటే మంచి గది కట్టాలంటే ఇవాళ చాలా డబ్బు పోయాలి.

మండువా లోగిలిది ఇంకో ప్రత్యేకత. నట్టనడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ వసారా, పైన దూలాలు, వాసాలు, పెంకులు. శబ్దశోషణకు కొలమానాన్ని హార్వర్డ్‌కు చెందిన వాలెస్ సబీన్ 1890లలో తెరిచిన కిటికీతోనే నిర్ణయించాడు. కిటికీలోంచి బయటపడ్డ శబ్దం తిరిగిరాదు కనుక ఒక చదరపు మీటరు తెరిచిన చోటు ఒక ప్రమాణం. పదడుగుల చదరపు మండువా అంటే తొమ్మిది ప్రమాణాలకు పైగా పైసా ఖర్చు లేకుండా దొరికినట్టే. పైగా వాలు కప్పు నేలకు సమాంతరంగా ఉండదు కాబట్టి నిలువునా శబ్దం కుదురుగా నిలబడిపోయే బాధ తక్కువ. కోతుల కోసమో వానజల్లు కోసమో మండువా పైన ఫైబరు రేకు వేయించుకున్న ఇళ్లలో ఈ సౌకర్యంలో చాలాభాగం పోతుంది.

ఎక్కువమంది స్పీకర్లు పెట్టేది శ్లాబు డాబాల్లో. నేల గ్రానైటో విట్రిఫైడ్ టైల్సో, నున్నటి పుట్టీ గోడలు, పైన చదును శ్లాబు. 15 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తున్న హాలు తీసుకుందాం. ఘనపరిమాణం 51 ఘనపు మీటర్లు. సామాను లేకుండా ఆరు తలాలూ సగటున మూడు శాతమే మింగితే, సబీన్ సూత్రం ప్రకారం చప్పట్లు కొట్టిన శబ్దం 60 డెసిబెళ్లు తగ్గడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది. పాట వినే గదికి 0.3 నుంచి 0.5 సెకన్లు చాలు. అంత తగ్గాలంటే 16 నుంచి 27 ప్రమాణాల శోషణ కావాలి. సోఫాలు, మందపు తెరలు, పుస్తకాల అల్మరాలు, నలుగురు మనుషులు కలిస్తే సగం దూరం వస్తాం. మిగతాది కావాలని సమకూర్చుకోవాలి.

అందుకు కావలసిన సరుకు డెల్టాలోనే ఉంది. కోనసీమ కొబ్బరి పీచుతో చేసిన మందపాటి పరుపు, పైన నేతగుడ్డ తొడిగి గోడకు నాలుగంగుళాల ఎడంలో నిలబెడితే, మధ్య, పైస్వరాలను బాగా మింగుతుంది. వెనక గాలి ఖాళీ ఉంటేనే దాని పట్టు కాస్త కిందికి దిగుతుంది. గోడకు అతికించేస్తే బేస్ మీద దాని ప్రభావం దాదాపు శూన్యం. పాత చీరల బొంత, తుంగచాప నేల మీద పరిచినా పై స్వరాల గలగల తగ్గుతుంది. గుడ్ల అట్టలు గోడకు కొట్టడం మాత్రం కాలక్షేపం.

బేస్ సమస్య వేరు. ఎదురెదురు గోడల మధ్య సగం తరంగం సరిగ్గా పట్టే స్వరం దగ్గర గది తనంతట తాను మోగుతుంది. 30 డిగ్రీల వేడిలో శబ్దవేగం సెకనుకు 349 మీటర్లు. ఆ లెక్కన పైన చెప్పిన హాలు పొడవునా 38, అడ్డంగా 48, నిలువునా 57 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. 12 అడుగుల చదరపు గదిలో రెండు 48లు ఒకచోట పడి, ఆ ఒక్క స్వరమే పాటంతా గుయ్యిమంటుంది. చదరపు గది టవర్లకు పనికిరాదనడానికి కారణం ఇదే.

ఎత్తు వల్ల పుట్టే ఆ 57 హెర్ట్జ్‌ను ప్రత్యేకంగా చూడాలి, ఎందుకంటే పదడుగుల కప్పు డెల్టా డాబాల్లో సర్వసాధారణం. వీణలో అన్నిటికంటే మంద్రమైన అనుమంద్ర పంచమం తీగ, మామూలు శ్రుతిలో, 60 హెర్ట్జ్ దరిదాపుల్లోనే మోగుతుంది. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణ రికార్డులు వింటున్నప్పుడు ఆ ఒక్క తీగ మిగతా మూడింటి కంటే ఉబ్బినట్టు వినిపిస్తే అది గది కప్పు చేసే పని. కప్పుకు, నేలకు సరిగ్గా సగం ఎత్తులో, అంటే నిలబడ్డ మనిషి చెవి దగ్గర, ఈ స్వరం దాదాపు మాయమవుతుంది. చాప మీద కూర్చుంటే తిరిగి వస్తుంది. దుకాణంలో నిలబడి విని బేస్ చాల్లేదనుకున్నవారు ఇంట్లో కూర్చుని విని ఎక్కువైందనడానికి ఇదొక కారణం.

నిలబెట్టడం

స్పీకర్ వెనక గోడకు ఎంత దూరంలో ఉండాలన్నది మొదటి ప్రశ్న. ముందుకు వచ్చిన శబ్దం, వెనక గోడకు తగిలి తిరిగొచ్చిన శబ్దం ఒక స్వరం దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. దూరం 30 సెంటీమీటర్లయితే ఆ గుంట 290 హెర్ట్జ్ దగ్గర, 60 అయితే 145 దగ్గర, మీటరయితే 87 దగ్గర పడుతుంది. 290 అంటే గాత్రానికి ఆయువుపట్టు. ఘంటసాల గొంతులో ఉండే నిండుదనం పలచబడేది అక్కడే. గోడకు ఆనిస్తే బేస్ ఉబ్బుతుంది, మూలకు నెడితే ఇంకా ఉబ్బుతుంది. ఇటుక గోడల గదిలో ఆ ఉబ్బు అక్కర్లేదు. కాబట్టి డెల్టా హాల్లో టవర్‌ను గోడకు రెండడుగుల నుంచి మూడడుగుల ముందుకు లాగడం మేలు. నడిచే దారికి అడ్డమని ఇంట్లోవాళ్లు అభ్యంతరం చెబుతారు, అది న్యాయమైన అభ్యంతరమే. పాట వినే వేళ ముందుకు లాగి, తర్వాత వెనక్కి నెట్టేందుకు నేల మీద చిన్న గుర్తులు పెట్టుకోవడం దీనికి నలుగురూ పాటిస్తున్న రాజీ.

రెండు స్పీకర్లు, వినేవారు సమబాహు త్రిభుజంగా ఉండాలన్నది పాత నియమం. రెండింటి నుంచి చెవికి దూరం సెంటీమీటరు రెండు సెంటీమీటర్లకు మించి తేడా రాకూడదు, టేపు పెట్టి కొలవాలి. వినే కుర్చీ వెనక గోడకు ఆనుకుంటే బేస్ అంతా మూటగట్టుకుని మీద పడుతుంది, గది పొడవుకు సరిగ్గా మధ్యలో పెడితే 38 హెర్ట్జ్ ఊసే ఉండదు. గది పొడవులో మూడో వంతుకు కాస్త ముందూ వెనకా జరుపుతూ వెతకాలి. 38 శాతం దగ్గర మొదలుపెట్టమని కొందరు చెప్పే లెక్క మొదలుపెట్టడానికే పనికొస్తుంది, అక్కడే ఆగిపోవడానికి కాదు.

పాత తెలుగు సినిమా పాటలు ఈ అమరికకు గొప్ప పరీక్ష. 1970ల దాకా అవి దాదాపు అన్నీ మోనోలో రికార్డయినవే. రెండు స్పీకర్లలోంచీ ఒకే శబ్దం వస్తుంది కనుక ఘంటసాల సరిగ్గా మధ్యలో, ఒక్క మనిషి వెడల్పున నిలబడి పాడాలి. గొంతు ఎడమకు లాగితే ఎడమ బాక్సు దగ్గరైందనో, కుడివైపు గోడ లేక భోజనాల గదిలోకి తెరుచుకుందనో అర్థం. గొంతు మనిషంత కాక గోడంత పరుచుకుంటే బాక్సుల మొహాలు లోపలికి తిప్పాలి. ఎంత తిప్పాలన్నది స్పీకర్ రకాన్ని బట్టి ఉంటుంది. కొన్నింటిని వినేవారి భుజాల వైపు చూసేలా తిప్పితే చాలు, ట్వీటర్ పదునుగా ఉన్నవాటిని సూటిగా చెవికి గురిపెట్టకపోవడమే మంచిది.

పక్కగోడ ప్రతిఫలనాలన్నీ శత్రువులేనని చాలామంది నమ్మకం. కెనడా జాతీయ పరిశోధన మండలిలోనూ తర్వాత హార్మన్ సంస్థలోనూ పనిచేసిన ఫ్లాయిడ్ టూల్ ఈ నమ్మకాన్ని సవరించాడు. పక్కలకు కూడా సమంగా శబ్దాన్ని ఇచ్చే స్పీకరయితే, పక్కగోడ నుంచి వచ్చే ప్రతిఫలనం చాలామందికి విశాలంగా, హాయిగానే వినిపిస్తుందని ఆయన పరిశోధనల సారం. పక్కలకు వంకర శబ్దం పంపే స్పీకర్‌కే పరుపులు, తెరలు అడ్డు పెట్టాలి.

ఎత్తు విషయంలో మన కూర్చునే అలవాట్లు లెక్కలోకి తీసుకోవాలి. టవర్లలో ట్వీటర్ సాధారణంగా నేలకు మీటరు అటూ ఇటూ, సోఫాలో కూర్చున్నవారి చెవికి కుదిరేలా ఉంటుంది. పడక కుర్చీలో వాలినవారి చెవి 80 సెంటీమీటర్లకు దిగుతుంది, చాప మీద కూర్చున్నవారిది ఇంకా కిందికి. మూడు మీటర్ల దూరంలో 20 సెంటీమీటర్ల తేడా అంటే దాదాపు నాలుగు డిగ్రీలు. 40 సెంటీమీటర్ల లోతున్న బాక్సును వెనక అంచు దగ్గర రెండున్నర సెంటీమీటర్లు పైకెత్తి ముందుకు వంచితే సరిపోతుంది. బాక్సు బరువుగా ఉంటే ముందుకు తూలకుండా అడుగు భద్రంగా ఉందో లేదో ముందే చూసుకోవాలి, ఇంట్లో పిల్లలుంటే మరీను. ఉయ్యాలబల్ల మీద ఊగుతూ వినేవారికి స్టీరియో గురించి చెప్పేదేమీ లేదు.

బాక్సు కింద బిగించే ఇనుప మేకులు చెక్కపలకల నేలలున్న దేశాల్లో ఎంతో ఉపయోగం, అక్కడ పాటతోపాటు నేల కూడా అదురుతుంది. మట్టి నింపి గచ్చు చేసి టైల్సు పరిచిన మన నేల కదలదు. మేకులు బాక్సు ఊగకుండా నిలపడానికి, వంపు సరిచేయడానికి పనికొస్తాయి. అడుగున గట్టి బిళ్లలు పెట్టకపోతే టైలు పగులుతుంది. పాత మేడల్లో చెక్కపలకల అంతస్తు ఉంటే మాత్రం మేకుల సంగతి మళ్లీ ఆలోచించాలి.

వాస్తు కూడా అమరికలో ఒక నిర్ణేత. ఈశాన్యంలో బరువు వద్దంటారు, వీధి తలుపుకు ఎదురుగా పెరటి తలుపు ఉండాలంటారు. దానితో హాల్లో తలుపులు లేని నిండు గోడ దొరకడం కష్టం. నైరుతి వైపు బరువు పెట్టమన్న మాట మాత్రం వంద కిలోల బాక్సుకు చక్కగా సరిపోతుంది! రెండో బాక్సు ఎక్కడ పెట్టాలో వాస్తు చెప్పదు.

పోల్చడం

ఉన్నత శ్రేణి టవర్లను పక్కపక్కన పెట్టి వినిపించే దుకాణాలు డెల్టాలో అరుదు. కొనేవారు హైదరాబాదుకో చెన్నైకో బెంగళూరుకో వెళ్లి వినవలసి వస్తోంది. రాజమహేంద్రవరం నుంచి హైదరాబాదు దాదాపు 400 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లి, తివాచీ పరిచి, గోడలకు శోషక పలకలు బిగించిన ఏసీ గదిలో గంటసేపు విన్నది ఇంటి గ్రానైటు హాలుకు వర్తించదు. వర్తించేదేమిటో తెలుసుకుని వింటే ప్రయాణం దండగ కాదు.

దుకాణంలో మధ్యస్వరాలు, పైస్వరాలు వినాలి. అవి బాక్సు స్వభావం, ఇంటికి వచ్చినా పెద్దగా మారవు. బేస్ మీద అక్కడ తీర్పు చెప్పకూడదు. హార్మన్‌లో షాన్ ఆలివ్ 2004లో ప్రచురించిన నమూనా ప్రకారం శ్రోతల ఇష్టంలో దాదాపు 30 శాతం వాటా బేస్‌దే. అంటే తీర్పులో మూడో వంతు దుకాణం వదిలి ఇంటికి వచ్చాకే తేలుతుంది.

రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు ఎక్కువ మోగేది మంచిదిగా అనిపిస్తుంది. ఒకటి రెండు డెసిబెళ్ల తేడాను చెవి పెద్దదనంగా కాక నాణ్యతగా పొరబడుతుంది. 86 డెసిబెళ్ల సున్నితత్వం ఉన్న బాక్సు 92 డెసిబెళ్ల బాక్సుతో సమంగా మోగాలంటే నాలుగు రెట్లు వాట్లు కావాలి. అందుకే ఒకే వాల్యూమ్ దగ్గర మార్చి మార్చి వినిపించే పద్ధతిలో 92 గెలవడం ఖాయం. ఫోనులో శబ్దమాపక యాప్ పెట్టుకుని, హోరులాంటి పరీక్ష శబ్దంతో రెండింటినీ సమం చేసుకున్న తర్వాతే పోలిక మొదలుపెట్టాలి.

బ్రాండు పేరు కనబడినప్పుడు, తెర వెనక ఉన్నప్పుడు మనుషులు ఇచ్చే మార్కులు వేరుగా ఉంటాయని టూల్, ఆలివ్ 1994లో చూపించారు. అనుభవం ఉన్న శ్రోతలు కూడా దీనికి మినహాయింపు కాదు. ఇంట్లో ఇలా పరీక్షించాలంటే పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు, పల్చని తెల్ల పంచె ఒకటి అడ్డంగా కడితే చాలు. అసలు కష్టం రెండు బాక్సులను ఒకే చోటికి మార్చి మార్చి తేవడం. చోటు మారితే బేస్ మారిపోతుంది కనుక పక్కపక్కన పెట్టి చేసిన పోలిక సగం గదిని పోల్చడమే అవుతుంది. టూల్ పరిశోధనల్లో తేలిన మరో విషయం ఇక్కడ ఉపయోగపడుతుంది: జతగా విన్నప్పటికంటే ఒక్క స్పీకర్‌ను మోనోలో విన్నప్పుడే లోపాలు బాగా బయటపడతాయి. ఒక్కొక్క బాక్సును తెచ్చి, ఒకే గుర్తు మీద నిలబెట్టి వినడం రెండు జతలు మోయడం కంటే తేలిక, పైగా నిజాయతీ ఎక్కువ.

ఏ రికార్డుతో పోల్చాలన్నది కూడా ముఖ్యమే. కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు మంద్రం నుంచి తారస్థాయి దాకా ఒకే నునుపుతో సాగుతుంది. స్పీకర్‌లో ఊఫర్ నుంచి మధ్య యూనిట్‌కు, అక్కడి నుంచి ట్వీటర్‌కు శబ్దం చేతులు మారే చోట ఆ నునుపు చెదిరితే వెంటనే పట్టుబడుతుంది. కొవ్వూరులో పుట్టిన కీరవాణి సినిమా పాటల్లో తాళవాద్యాలు, కోరస్‌లు కిక్కిరిసి ఉంటాయి, ఆ రద్దీలో మాట స్పష్టంగా వినబడుతుందా అన్నది వేరే పరీక్ష. పాత సినిమా సౌండ్‌ట్రాకుల్లో పైస్వరాలు తక్కువ కాబట్టి ట్వీటర్ మంచిచెడ్డలకు అవి సాక్ష్యం కావు. అన్నిటికంటే ముందు చెవికి అసలు వాద్యం గుర్తుండాలి. కాకినాడ సరస్వతీ గానసభ కచేరీల్లో ముందు వరసల్లో కూర్చుని మైకు లేని మృదంగం ఎలా ఉంటుందో ఒకసారి విన్నవారికి దుకాణంలో తప్పు చేయడం కష్టం.

రకాలు

మూలలో పెట్టడానికే పుట్టిన టవర్ క్లిప్ష్‌హార్న్. పాల్ క్లిప్ష్ 1946 నుంచి తయారు చేయించిన ఈ స్పీకర్ గదిగోడలనే బాకా కొనసాగింపుగా వాడుకుంటుంది, కొద్ది వాట్లకే హోరెత్తిస్తుంది. డెల్టా హాల్లో రెండు ఖాళీ మూలలు ఒకే గోడకు దొరకడం అరుదు కనుక ఇక్కడ దీనికి చోటు లేదు.

బవర్స్ అండ్ విల్కిన్స్‌ను 1966లో ఇంగ్లండులోని వర్దింగ్‌లో స్థాపించారు. 1979లో వచ్చిన 801 లండన్ అబ్బీ రోడ్ స్టూడియోకు చేరి పేరు తెచ్చుకుంది. 2021 నాటి 801 డి4 ఒక్కొక్కటి సుమారు వంద కిలోలు. 1961లో రేమండ్ కుక్ మొదలుపెట్టిన కెఫ్ 2011లో బ్లేడ్ తెచ్చింది. మధ్యలో ట్వీటర్‌ను పొదిగిన ఒకే యూనిట్ ముందువైపు, దాని పైనా కిందా పక్కలకు నాలుగు ఊఫర్లు ఉండటంతో శబ్దమంతా ఒకే బిందువు నుంచి వస్తున్నట్టు ఉంటుంది. పక్కలకు సమంగా శబ్దం ఇచ్చే ఇలాంటి అమరిక, పక్కగోడలు నున్నగా ఉండే మన హాళ్లకు బాగా పొసగుతుంది. అమెరికాలో విల్సన్ ఆడియో, ఫ్రాన్సులో ఫోకల్, డెన్మార్కులో డైనాడియో, ఇటలీలో సోనస్ ఫాబెర్ ఈ శ్రేణిలో బాగా వినబడే పేర్లు.

పెట్టె లేని పలుచని పలకల స్పీకర్లది ఇంకో దారి. 1957 నాటి క్వాడ్ ఎలెక్ట్రోస్టాటిక్, మాగ్నెపాన్ ముందుకూ వెనక్కూ సమంగా మోగుతాయి, పక్కలకు దాదాపు మోగవు. పక్కగోడల గొడవ తక్కువ, వెనక గోడకు కనీసం మూడడుగులు వదలాలి. వేల వోల్టుల మీద పనిచేసే ఎలెక్ట్రోస్టాటిక్ పలకలకు మాత్రం తేమ, దుమ్ము బద్ధశత్రువులు. మన దేశంలో పుణేకు చెందిన కేడెన్స్ ఇలాంటి పలకలకు ఊఫర్ జోడించి చేసింది. కొచ్చిలో వాస్తుశిల్పి జేకబ్ జార్జ్ రూపొందించిన రెథ్మ్ బాకా తరహా స్పీకర్లు విదేశాల్లో కూడా గుర్తింపు పొందాయి. కోల్‌కతా సోనోడైన్ మధ్యతరగతికి దేశీయ శబ్దాన్ని అందించిన పాత పేరు.

ఉక్క, ఉప్పుగాలి, కరెంటు

ఊఫర్ అంచున ఉండే మెత్తని చుట్టు పాలీయురేథేన్ ఫోముతో చేసినదైతే తేమకు పదిహేనేళ్ల లోపే పొడిపొడిగా రాలిపోవచ్చు. గల్ఫు నుంచి వచ్చిన పాత బాక్సులు చాలావాటికి పట్టిన గతి ఇదే. రబ్బరు చుట్టు ఉన్న ఊఫర్ డెల్టాలో మన్నుతుంది, పాత బాక్సు కొనేవారు ముందు వేలితో తాకి చూడవలసింది ఇక్కడే. అంతర్వేది, ఉప్పాడ వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి తీగల చివర్లను నల్లబరుస్తుంది, ఏడాదికోసారి విప్పి తుడవాలి. చెక్కపొడి అట్టతో చేసిన పెట్టె నీళ్లు తగిలితే ఉబ్బి తిరిగి మామూలుకు రాదు. వరద ఎక్కే ఊళ్లలో అడుగు పీట మీద పెట్టడం తప్పనిసరి. చెదలు గోడ మూలల నుంచి పెట్టె వెనక్కి ఎక్కుతాయి, గోడకు దూరంగా నిలబెట్టడం వల్ల ఈ లాభం కూడా ఉంది. బేస్ కన్నంలో ఎలుక గూడు కట్టిన ఇళ్లున్నాయి, వాడనప్పుడు సన్నని జాలీ పెట్టాలి. జాలీ పెట్టి పాట వేస్తే గాలి బుసకొడుతుంది, తీసేయాలి.

వోల్టేజి ఎగుడుదిగుళ్లకు స్టెబిలైజరు, సరైన ఎర్తింగు అవసరం. చవక ఇన్వర్టరు ఇచ్చే చదరపు తరంగం మీద యాంప్లిఫయరు బుర్రుమనడం సహజం. వేసవిలో ఫ్యాను వేసుకోకుండా ఎవరూ పాట వినరు, ఫ్యాను హోరు మృదువైన ఆలాపనను కప్పేస్తుంది. తీర ప్రాంతపు రొయ్యల చెరువుల దగ్గరి ఇళ్లకు ఏరేటర్ల మోత రాత్రంతా తప్పదు. వినడానికి అనువైన కాలం కార్తీకం నుంచి మాఘం దాకా, ఫ్యాను ఆపగలిగిన రాత్రులు.

కొలత, సవరణ

చౌకలో దొరికే కొలత మైకు, ఉచితంగా లభించే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్టువేరు ఉంటే గది ఏ స్వరం దగ్గర ఎంత ఉబ్బుతోందో అరగంటలో గీత రూపంలో తెలుస్తుంది. డిరాక్ వంటి డిజిటల్ సవరణ పద్ధతులు ఆ ఉబ్బును కోసేస్తాయి. రద్దయిపోయి గుంటలు పడ్డ చోట మాత్రం ఎన్ని వాట్లు పోసినా నిండదు, బాక్సునో కుర్చీనో జరపవలసిందే. ముందు జరపడం, తర్వాత పరుపులు, ఆఖరున సవరణ అన్న వరస పాటించినవారికి ఖర్చు తక్కువ.

ఏ గదికి ఏది

పదీ పన్నెండు అడుగుల గదికి రెండేసి పెద్ద ఊఫర్లున్న టవర్ అనవసరం, స్టాండు మీద పెట్టే చిన్న జత అంతకంటే శుభ్రంగా వినిపిస్తుంది. పదిహేనడుగుల హాలుకు ఆరున్నర అంగుళాల ఊఫర్లున్న సన్నని టవర్, అందులోనూ కన్నం ముందువైపు ఉన్నదో అసలు కన్నమే లేనిదో సరిపోతుంది. ఇరవై అడుగులు దాటిన హాలుకు, తెరిచిన మండువా ఉన్న లోగిలికి పెద్ద టవర్లు తగినవి. స్పీకర్లకు పెట్టే ప్రతి రూపాయిలో కొంత గదికి కేటాయించని ఇంట్లో ఖరీదైన జత కూడా మామూలుదానిలాగే మోగుతుంది. కొత్త ఇల్లు కట్టుకునేవారు ప్లాను గీసే దశలోనే హాలును చదరంగా కాక పొడవుగా పెట్టించి, ఒక పొట్టిగోడను తలుపులూ అల్మరాలూ లేకుండా నిండుగా వదిలేయమని మేస్త్రీకి చెప్పడం మంచిది. పునాది పడ్డాక ఆ పని ఏ కంపెనీ బాక్సూ చేయలేదు.